గురుగ్రామ్ నుంచి విశాఖకి కారు పంపించాను: అయిదుకి మూడు మార్కులు

ముందు కారు తెచ్చిన ట్రాన్స్‌పోర్టు కంపెనీ పేరు సంగతి. ఇక్కడ రాయడం లేదు. మొహమాటమేం కాదు. నేను బుక్ చేసిన పేరుకే చివర్లో ఒక అక్షరం అటూ ఇటూ మార్చి, అదే రంగు లోగో పెట్టుకుని గురుగ్రామ్‌లో ఇంకో నాలుగు ఆఫీసులు నడుస్తున్నాయి. నేను పేరు రాస్తే, మీరు ఫోన్ చేసింది వాళ్లలో ఎవరికి తగులుతుందో చెప్పలేను. కాబట్టి పేరు వదిలేసి, పని ఎలా జరిగిందో, ఎక్కడ బాగా చేశారో, ఎక్కడ మాట తప్పారో చెబుతాను.

బండి 2017 బ్రెజా, డీజిల్, హెచ్‌ఆర్ 26 నంబరు. మా వారికి విశాఖ బదిలీ అయ్యి ముందే వెళ్లిపోయారు. బాబు పరీక్షలయ్యేదాకా నేను ఉండిపోయాను కాబట్టి ఇల్లు ఖాళీ చేయడం, కారు పంపడం నా నెత్తిన పడ్డాయి. అమ్మేద్దామనే మొదట అనుకున్నాం. ఎన్‌సీఆర్‌లో, అంటే ఢిల్లీ చుట్టుపక్కల, డీజిల్ బండికి పదేళ్లే అన్న నిబంధన ఉంది కదా. దాని మీద కోర్టుల్లో ఏం నడుస్తున్నా సరే, కొనడానికి వచ్చినవాడు మాత్రం అదే చూపించి బేరం మొదలుపెడతాడు. బానెట్ ఎత్తి చూడకుండానే సగం ధర చెప్పారు. అదే బండి మన దగ్గర ఇంకా ఎన్నో ఏళ్లు హాయిగా తిరుగుతుంది. నడుపుకుంటూ రావాలంటే హైదరాబాద్ మీదుగా రెండు వేల కిలోమీటర్ల పైమాటే. డీజిలు, టోళ్లు, రాత్రుళ్లు హోటళ్లు కలిపితే ఇరవై వేలకు తగ్గదు. పైగా పిల్లాడితో ఒక్కదాన్నే అంత దూరం నడపడం నాకు ఇష్టం లేదు.

మా మామయ్యగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. "రైల్లో వేసెయ్యమ్మా, నిశ్చింతగా వస్తుంది" అన్నారు. మోటారు సైకిలైతే నిజమే, ట్యాంకు ఖాళీ చేసి పార్సిల్ ఆఫీసులో ఇస్తే వచ్చేస్తుంది. రైల్లో వెళ్లే కార్లు మాత్రం వేరే లెక్క. అవి పాత ప్యాసింజర్ బోగీలను మార్చి చేసిన ఎన్‌ఎంజీ వ్యాగన్లలోనో, కార్ల కోసమే కట్టిన వ్యాగన్లలోనో వెళతాయి, కార్ల కంపెనీలు రేక్, అంటే రైలు మొత్తం బుక్ చేసుకుంటాయి. మనలాంటివాళ్లం ఒక్క కారు పట్టుకుని స్టేషన్‌కి వెళితే పని కాదు. పాత స్నేహితులను అడిగి ఆ మాట మళ్లీ ఆయనే చెప్పారు.

ఇక మిగిలింది లారీ. ఒక వెబ్‌సైట్‌లో ఫోన్ నంబరు ఇచ్చానో లేదో, ఇక ఆ సాయంత్రం వంట చేసుకోనివ్వలేదు. ఒకడు పదహారున్నర వేలు అంటాడు, ఇంకొకడు ముప్ఫై ఎనిమిది వేలు అంటాడు. అదే కారు, అదే ఊరు. తేడా ఎక్కడుందో అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. క్లోజ్డ్ కంటైనరా, ఓపెన్ ట్రైలరా అన్నది ఒకటి. నేరుగా వెళుతుందా, మధ్యలో దించి వేరే బండికి ఎక్కిస్తారా అన్నది రెండోది. అసలు తేడా రిటర్న్ లోడ్‌లో ఉంది. మానేసర్ నుంచి కొత్త మారుతీలు దక్షిణాదికి వస్తాయి. పెనుకొండ నుంచి కియాలు, శ్రీపెరుంబుదూరు నుంచి హ్యుందాయ్‌లు పైకి వెళతాయి. దింపేశాక లారీ ఖాళీగా తిరిగి రాకూడదు కదా, దొరికిన లోడు ఎక్కించుకుంటారు. అందుకే హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలకు బండ్లు ఎప్పుడూ దొరుకుతాయి, రేటూ తక్కువ. విశాఖ అనగానే అవతలి గొంతు కాస్త ఆగుతుంది. "అవుతుంది మేడమ్, కొంచెం టైమ్ పడుతుంది" అంటారు. ఆ కొంచెం గురించి తర్వాత చెబుతాను.

పదహారున్నర వేలవాడిని జీఎస్టీ నంబరు అడిగాను. పంపించాడు. పోర్టల్‌లో కొట్టి చూస్తే అది ఎవరిదో బట్టల వ్యాపారం పేరు మీద ఉంది. ఇలాంటివాళ్ల పద్ధతి ఒకటే, బండి ఎక్కించేదాకా తక్కువ రేటు, ఎక్కించాక దారిలో ఆపి ఇంకో పది వేలు పంపమంటారు. మా వారిది ప్రభుత్వరంగ బ్యాంకు. ఐబీఏ (బ్యాంకుల సంఘం) జాబితాలో ఉన్న రవాణా సంస్థ బిల్లయితేనే వాళ్ల ఆఫీసులో డబ్బు తిరిగి ఇస్తారు. ఆ వంకన నాకు ఒక మేలు జరిగింది. "ఐబీఏ అప్రూవ్డ్" అని లెటర్‌హెడ్ మీద అందరూ వేసుకుంటారు, కోడ్ నంబరు చెప్పమంటే సగం మంది ఫోన్ పెట్టేశారు. చెప్పినవాళ్లలో ఒకరితో ఇరవై ఏడు వేలకు, జీఎస్టీ అదనంగా, క్లోజ్డ్ కంటైనర్‌లో ఇంటి నుంచి ఇంటికి అని మాట్లాడుకున్నాను. సగం అడ్వాన్స్ అడిగారు. నేను ఒప్పుకోలేదు. బుకింగ్‌కి పది శాతం, బండి ఎక్కించి ఎల్‌ఆర్ (లారీ రసీదు) చేతికిచ్చాక అరవై, విశాఖలో తాళం నా చేతికొచ్చాక ముప్ఫై. మూడుసార్లు మేనేజర్‌తో మాట్లాడతానని లైన్లో పెట్టి చివరికి సరేనన్నారు. ఈ ముప్ఫై శాతం తర్వాత ఎంత పనికొచ్చిందో చూద్దురుగాని.

తర్వాత ఇన్సూరెన్స్. బుకింగ్ అయిన మర్నాడే, బుకింగ్ తీసుకున్న అమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, బండి విలువలో రెండు శాతం" అంది. మా బండి ఐడీవీ, అంటే బీమా కాగితాల్లో రాసిన విలువ, నాలుగున్నర లక్షలు, అంటే తొమ్మిది వేలు. ఏ బీమా కంపెనీ పాలసీ, నా పేరు మీద సర్టిఫికెట్ వస్తుందా అని అడిగితే, "మా కంపెనీ గ్యారంటీ మేడమ్" అంది. అంటే అది బీమా కాదు, వాళ్ల జేబులో పడే డబ్బు. అప్పుడు నా కారు పాలసీ కాగితాలు తీసి చదివాను. మన దేశంలో కాంప్రెహెన్సివ్ పాలసీల్లో ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) భాగం తీసి చూడండి. అగ్ని ప్రమాదం, దొంగతనం, వరద వగైరాల వరుసలోనే, బండిని రోడ్డు మీదో రైల్లోనో జలమార్గంలోనో లిఫ్టులోనో విమానంలోనో తరలిస్తున్నప్పుడు జరిగే నష్టం కూడా ఉంటుంది. అంటే లారీ బోల్తా పడితే నా పాలసీయే ఆదుకుంటుంది. బీమా కంపెనీకి మెయిల్ పెట్టి, అవునని జవాబు తెప్పించుకుని పెట్టుకున్నాను. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ఇది వర్తించదు. చిన్న గీతలకు క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, అది వేరే లెక్క. తొమ్మిది వేలు కట్టనని చెప్పాను. తప్పనిసరి అన్నది ఐదు నిమిషాల్లో "మీ ఇష్టం మేడమ్" అయిపోయింది.

"ఇంటి నుంచి ఇంటికి" అంటే లారీ మన గేటు దగ్గరకు వస్తుందని మా అత్తగారి నమ్మకం. రాదు. అంత పొడుగు కంటైనర్ కాలనీ రోడ్లలో తిరగదు, పగలు నగరాల్లోకి రానివ్వరు కూడా. ఒక డ్రైవర్ వచ్చి మన కారుని మన ఇంటి నుంచి యార్డుకి నడుపుకుపోతాడు. మాది బిలాస్‌పూర్ దగ్గర యార్డు, హైవే మీద ముప్ఫై అయిదు, నలభై కిలోమీటర్లు. అటు చివర కూడా అంతే. అంటే మన బండి ముక్కూమొహం తెలియని కుర్రాళ్ల చేతుల్లో ఊరు దాటుతుంది, అదీ లారీ ఎక్కకముందే. అందుకే మీటర్ ఫోటో ముఖ్యం.

పికప్‌కి వచ్చింది మేవాత్ కుర్రాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. చేతిలో కార్బన్ పేపర్ పెట్టిన ప్యాడ్. అందులో కారు బొమ్మ నాలుగు వైపుల నుంచి గీసి ఉంటుంది, గీత ఉన్న చోట ఇంటూ మార్కు, సొట్ట ఉన్న చోట సున్నా పెట్టాలి. బండి చుట్టూ ఒక్కసారి కూడా పూర్తిగా తిరగకుండా అన్ని వైపులా టకటకా ఇంటూలు కొట్టేశాడు. కింద అప్పటికే ఒక రబ్బరు స్టాంపు వేసి ఉంది: వాహనం దుమ్ముతో ఉన్నందున గీతలు పరిశీలించలేదు అని ఇంగ్లీషులో. నా కారు ఆ ఉదయమే కడిగించాను, తడి కూడా పూర్తిగా ఆరలేదు. "బాబూ, దుమ్ము ఎక్కడుందో చూపించు" అన్నాను. బానెట్ మీద వేలు రాసి చూసుకుని నవ్వేశాడు. ఆ స్టాంపు కొట్టేయించి, పక్కన వాడి సంతకం పెట్టించాను. తర్వాత ఇద్దరం కలిసి మళ్లీ తిరిగాం. ఎడమ వెనక డోర్ మీద పాత గీత, వెనక బంపర్ మూల రంగు పోయిన చోటు, అంతే. మిగతా ఇంటూలన్నీ కొట్టేశాం. కుర్రాడు విసుక్కోలేదు, అది మెచ్చుకోవాలి. "అందరూ సంతకం పెట్టి పంపేస్తారు మేడమ్‌జీ" అన్నాడు. మీటర్ 86,412 దగ్గర ఉంది. డాష్‌బోర్డు ఫోటో, నాలుగు టైర్ల ఫోటోలు, స్టెప్నీ, జాకీ, మ్యూజిక్ సిస్టమ్, అన్నీ వీడియో తీసి అప్పుడే వాళ్ల ఆఫీసు వాట్సాప్‌కి పంపేశాను.

డీజిల్ పావు ట్యాంకు కన్నా తక్కువే ఉంచమన్నారు. ఒరిజినల్ ఆర్‌సీ ఇవ్వలేదు, నకలు ఇచ్చాను, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్లూ నకళ్లే. తాళం ఒక్కటే. సామాను ఏమీ పెట్టొద్దని ముందే చెప్పారు, పోతే వాళ్ల బాధ్యత కాదు. మా అత్తగారు ఫోన్లో డిక్కీ ఖాళీగా పంపుతున్నానని చాలా బాధపడ్డారు. కుక్కరూ, రెండు బొంతలూ పట్టేవట.

ఫాస్టాగ్ సంగతి నేనే అడిగాను. అద్దం మీద నుంచి పీకితే చిరిగిపోతుంది కదా, దారిలో టోలు కట్ కాకుండా పైన అల్యూమినియం ఫాయిల్ అంటించనా అని. "క్లోజ్డ్ కంటైనర్ మేడమ్, లోపలికి సిగ్నల్ రాదు, అవసరం లేదు" అన్నారు.

యార్డులో ఎక్కించిన వీడియో ఆ సాయంత్రమే వచ్చింది. లోపల రెండు అంతస్తులు, మా బండి కింద అంతస్తులో, చక్రాలకు బెల్టులు బిగించి ఉన్నాయి. ఎల్‌ఆర్ మీద రాసిన లారీ నంబరు, వీడియోలో కనిపించే నంబరు ఒకటే. బండ్ల వివరాలు చూపించే ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూశాను, సరిగ్గానే ఉంది. డబ్బు పంపించాను. ఇంతవరకు అయిదుకి అయిదు ఇస్తాను.

హైదరాబాద్ దాకా కూడా ఇబ్బంది లేదు. ఝాన్సీ, నాగ్‌పూర్ అని డ్రైవరే ఫోన్లో చెప్పాడు. కంపెనీ ఇచ్చిన ట్రాకింగ్ లింకు దండగ. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా "ఇన్ ట్రాన్సిట్" అనే చూపించింది. మేడ్చల్ దగ్గర యార్డులో దింపారు. అక్కడి నుంచి నసుగుడు మొదలైంది. విశాఖ వైపు లోడు నిండలేదు, రేపు బయల్దేరుతుంది, ఎల్లుండి బయల్దేరుతుంది. గురుగ్రామ్‌లో బుకింగ్ తీసుకున్న అమ్మాయి హైదరాబాద్ బ్రాంచి నంబరు ఇచ్చింది. ఆ బ్రాంచి కంపెనీది కాదట, వాళ్లతో ఒప్పందం ఉన్న వేరే ట్రాన్స్‌పోర్టు. నేను మాట్లాడింది ఒకరితో, బండి ఉన్నది ఇంకొకరి దగ్గర. రెండో లారీ నంబరు పంపమని అడుగుతూనే ఉన్నాను. పంపలేదు.

ఒక రాత్రి రెండు దాటాక ఫోన్ టింగుమంది. పంతంగి టోల్ ప్లాజా, నా ఫాస్టాగ్ నుంచి కారు టోలు కట్. నిద్ర ఎగిరిపోయింది. పంతంగి అంటే చౌటుప్పల్ దగ్గర, విజయవాడ రోడ్డు. ఎవడో నా కారు నడుపుకుంటూ వెళ్లిపోతున్నాడనే అనుకున్నాను. లోడు దొరకనప్పుడు కారు నడిపించేసి డెలివరీ ఇచ్చేస్తారని అప్పటికే చాలామంది చెప్పారు. కాసేపటికి అదే రోడ్డులో కొర్లపహాడ్ టోలు. రాత్రంతా ఎవరూ ఫోన్ ఎత్తలేదు. తెల్లవారి ఏలూరు దగ్గర కలపర్రు టోలు కూడా కొట్టాక హైదరాబాద్ వాళ్లు తీసి, "బండి లారీ మీదే ఉంది మేడమ్, ట్యాగ్ రీడ్ అయినట్టుంది" అన్నారు. మూసిన కంటైనర్‌లో ఎలా రీడ్ అయిందండీ అంటే జవాబు లేదు. మూడోసారి అడిగితే అప్పుడు బయటపడింది. ఈ లారీ ఓపెన్ ట్రైలరు. పై అంతస్తులో, ముందు నుంచి మొదటి బండి నాదే. టోల్ గేటు కింద నుంచి వెళుతుంటే మెషిన్ నా అద్దాన్ని చదివేస్తోంది.

గాజువాక ఆటోనగర్‌లో దింపారు. మా వారు ఆఫీసులో ఉంటే నేనే ఆటోలో వెళ్లాను. పై అంతస్తు నుంచి కారు దింపడం చూసే పని కాదు, గుండె దడ వస్తుంది. టైరు వెడల్పుకి అటూ ఇటూ జానెడు చోటు కూడా ఉండని రెండు ఇనుప పట్టాల మీద డ్రైవర్ రివర్సులో వస్తాడు, కింద నుంచి క్లీనర్ "రానీ రానీ, కొంచెం లెఫ్ట్, రానీ, ఆపెయ్" అని అరుస్తుంటాడు. దించిన డ్రైవర్‌ది తుని. మొహం నిండా చెమట తుడుచుకుంటూ, "సంతకం పెట్టే ముందు ఓసారి కిందకు వంగి చూసుకోండమ్మా, తర్వాత మమ్మల్ని అనకండి" అన్నాడు. ఆ మాట అన్నవాడు కంపెనీ మొత్తంలో అతనొక్కడే. వంగి చూశాను. ముందు బంపర్ అడుగు అంచు ర్యాంపుకి తగిలి జానెడు మేర గీసుకుపోయింది, ప్లాస్టిక్ తెల్లగా కనిపిస్తోంది. అద్దం నిండా పురుగులు, దుమ్ము. మీటర్ చూస్తే 86,470. అంటే బండిని ఎవరూ నడపలేదు, బిలాస్‌పూర్ దాకా వెళ్లింది, యార్డుల్లో కాస్త తిరిగింది, అంతే. ఆ అనుమానం అక్కడితో తీరింది. కానీ క్లోజ్డ్ కంటైనర్‌కి డబ్బు కట్టి సగం దూరం కాకపోయినా మూడో వంతు దూరం ఓపెన్‌లో వచ్చింది. పది రోజుల్లో అన్నది మూడో వారంలో చేరింది.

డెలివరీ కాగితం మీద "ముందు బంపర్ కింద కొత్త గీత, హైదరాబాద్ నుంచి ఓపెన్ ట్రైలర్‌లో తెచ్చారు" అని రాసి, డ్రైవర్ ముందే ఫోటో తీశాను. అప్పుడే సంతకం. ఎల్‌ఆర్ వెనక చిన్న అక్షరాల్లో ఓనర్స్ రిస్క్ (నష్టం వస్తే యజమానిదే) అని ఉంటుంది, ఫోన్ చేస్తే ముందు అదే చదివి వినిపిస్తారు. భయపడక్కర్లేదు. రోడ్డు రవాణా సంస్థల మీద 2007లో వచ్చిన క్యారేజ్ బై రోడ్ చట్టం ఉంది. దాని ప్రకారం కోర్టుకి వెళ్లాలంటే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. ఫోన్లో అరుచుకున్నది లెక్కలోకి రాదు. నేను మెయిల్ పెట్టి, రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపాను, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తానని చివర్లో ఒక్క వాక్యం రాశాను. నా దగ్గర ఇంకా ముప్ఫై శాతం ఉంది కదా. గురుగ్రామ్ మేనేజర్ అప్పటిదాకా ఎప్పుడూ మీటింగ్‌లో ఉండేవాడు, ఆ రోజు ఆయనే ఫోన్ చేశాడు. బంపర్ రంగుకి, ఓపెన్ ట్రైలర్ తేడాకి, టోల్ కోతలకి కలిపి నాలుగున్నర వేలు తగ్గించుకుని మిగతాది కట్టమన్నాడు. ఆరు అడిగాను, అయిదు దగ్గర తెగింది. అడ్వాన్స్‌గా సగమో, మొత్తమో ఇచ్చేసినవాళ్లకు ఈ ఫోన్ వస్తుందని నేననుకోను.

బండి వచ్చాక ఇంకో పని ఉంది, దానికి ఈ కంపెనీకి సంబంధం లేదు కానీ అందరూ అడుగుతున్నారు. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి బండి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. ముందు పాత ఆర్‌టీఓ నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), లోన్ ఉంటే బ్యాంకు నుంచి కూడా, తర్వాత ఇక్కడ బండి వయసుని బట్టి లైఫ్ టాక్స్. వీలైతే ఊరు వదలకముందే ఎన్‌ఓసీ పెట్టేయండి. మా వారిది ప్రభుత్వరంగ బ్యాంకు కాబట్టి దేశమంతా చెల్లే బీహెచ్ సిరీస్ నంబరుకి మార్చుకునే దారీ ఉంది, మళ్లీ బదిలీ అయితే ఈ తలనొప్పి ఉండదని ఆయన అటే మొగ్గుతున్నారు.

ఇంతకీ మళ్లీ ఇదే కంపెనీకి ఇస్తానా? హైదరాబాద్ దాకా అయితే ఇస్తాను. ఎక్కించడం, కాగితాలు, మొదటి డ్రైవర్ ఫోన్ ఎత్తడం, వీటిలో వంక పెట్టడానికి లేదు. విశాఖకో, రాజమండ్రికో, శ్రీకాకుళానికో అయితే ఇవ్వను. మేడ్చల్‌లో దింపించుకుని, రాత్రి రైలెక్కి వెళ్లి పొద్దున్నే తాళం తీసుకుని నేనే నడుపుకొస్తాను. హైదరాబాద్ వరకు నాకు చెప్పిన రేటు పందొమ్మిది వేలు. మిగిలిన ఎనిమిది వేలల్లో డీజిలు, టోళ్లు పోగా సూర్యాపేటలో భోజనానికి ఆగినా ఇంకా మిగులుతాయి.